రెండోవాడి వంతు ఎప్పుడు?

జట్టులో ఒకే చోటు. పోటీలో ఇద్దరు. మొదటివాడు తడబడితే రెండోవాడిని దించాలా? దించితే ఎన్నాళ్లు ఉంచాలి? మొదటివాడు తిరిగొస్తే..? రచ్చబండ నుంచి సెలెక్టర్ల గది దాకా ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది!

కడప రాజారెడ్డి స్టేడియంలో రంజీ మ్యాచ్ జరుగుతోందనుకోండి. స్కోరుబోర్డు మీద పదకొండు పేర్లుంటాయి. ఆ పదకొండులో లేని ఓ కుర్రాడు బౌండరీ తాడు అవతల కూర్చుని ఉంటాడు. పొద్దున్నే అసలు కీపర్‌తో సమానంగా వంగి లేచి, అతనితో సమానంగా బంతులు పట్టి ఉంటాడు. ఆట మొదలయ్యాక మాత్రం అతని పని నీళ్ల సీసాలు మోయడం, ఎండకు తడిసిన గ్లౌజులు ఆరబెట్టడం. అతనే రిజర్వు వికెట్ కీపర్. క్రికెట్లో ఇంతకన్నా కష్టమైన ఉద్యోగం మరోటి లేదు.

ఎందుకంటే... బ్యాట్స్‌మన్‌కు ఆరేడు చోట్లు ఉంటాయి. ఓపెనర్‌గా కాకపోతే ఐదో స్థానంలో వెళ్లొచ్చు. బౌలర్‌కు నాలుగైదు చోట్లు. కీపర్‌కు ఒక్కటే. ముందున్నవాడు బాగా ఆడుతున్నంత కాలం వెనకున్నవాడికి దారి లేదు. వాడికి దెబ్బ తగలాలి, లేదా వాడు విఫలమవ్వాలి. తోటి ఆటగాడి చెడు కోరుకోకుండా తన మంచికోసం ఎదురుచూడటం... అదీ అతని నిత్యవ్రతం!

చూసేవాళ్లకు అంత ఓపిక ఉండదు. కడపలో టీకొట్టు దగ్గర అయినా, కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర అయినా వరసగా రెండు మ్యాచ్‌లు పోతే చాలు. ‘‘ఏంబ్బా, ఇంకా వాన్నే ఆడిస్తాండారు?’’ అని ఒకరు. ‘‘ఈ పిల్లోన్ని దించి సూడండప్పా, పోయేదేముంది!’’ అని ఇంకొకరు. కానీ పోయేది ఉంటుంది. ఒక్కోసారి మ్యాచ్, ఒక్కోసారి ఒక మనిషి జీవితం.

బ్రాకెట్లో పేరు

ఈ చర్చ తెలుగువాళ్లకు బాగా దగ్గరగా వచ్చింది కోన శ్రీకర్ భరత్ విషయంలో. విశాఖపట్నం కుర్రాడు. ఆంధ్ర జట్టు కీపర్. 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం కొట్టిన తొలి వికెట్ కీపర్‌గా రికార్డుకెక్కాడు. అంత చేసినా భారత జట్టు తలుపు దగ్గర అతని ముందు వృద్ధిమాన్ సాహా ఉన్నాడు, రిషబ్ పంత్ ఉన్నాడు.

2021 నవంబరు 27. కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు. మూడో రోజు ఉదయం సాహాకు మెడ పట్టేసింది. పంత్‌కు ఆ సిరీస్‌లో విశ్రాంతి. భరత్ గ్లౌజులు తొడుక్కుని వచ్చాడు. తిరుగుతున్న పిచ్. అశ్విన్, అక్షర్ పటేల్ బౌలింగ్. కాళ్ల దగ్గర ఆగిపోయే బంతులు. విల్ యంగ్‌ది క్యాచ్ పట్టాడు. రాస్ టేలర్‌ది ఇంకో క్యాచ్. సెంచరీకి ఐదు పరుగుల దూరంలో ఉన్న లేథమ్‌ను స్టంపౌట్ చేశాడు. దేశమంతా ‘ఎవరీ కుర్రాడు’ అంది.

ఇందులో ఓ విశేషం ఉంది. 2017 అక్టోబరుకు ముందైతే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు వికెట్ కీపింగ్ చేయడానికి క్రికెట్ చట్టం ఒప్పుకొనేది కాదు. కీపర్ గాయపడితే తుది జట్టులోనే ఎవరో ఒకరు గ్లౌజులు వేసుకునేవారు. నిబంధన మారబట్టి, అంపైర్ల అనుమతితో భరత్ మైదానంలోకి రాగలిగాడు. అయినా స్కోరుకార్డులో అతని పేరు బ్రాకెట్లోనే పడింది. టెస్టు ఆడినట్టు లెక్కకు రాదు.

మరి మొదటివాడు? రెండో ఇన్నింగ్స్‌లో సాహా అదే పట్టేసిన మెడతో బ్యాటింగుకు వచ్చాడు. నిటారుగా నిలబడలేక, నిలబడే తీరే మార్చుకుని అజేయంగా 61 పరుగులు చేశాడు. ముంబయిలో తర్వాతి టెస్టూ అతనే ఆడాడు. రెండోవాడు మెరిసిన మ్యాచ్‌లోనే మొదటివాడు తన చోటు ఎందుకు తనదో చూపించాడు. ఇద్దరూ గెలిచిన పోటీ అది. ఇలాంటివి చాలా అరుదు!

ఏడు టెస్టుల కథ

2022 ఫిబ్రవరిలో శ్రీలంకతో సిరీస్‌కు సాహాను పక్కనపెట్టి, పంత్‌కు తోడుగా భరత్‌ను తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 30న రూర్కీ సమీపంలో జరిగిన కారు ప్రమాదంలో పంత్ తీవ్రంగా గాయపడ్డాడు. భరత్‌కు దారి తెరుచుకుంది. ఎవరూ కోరుకోని రీతిలో!

2023 ఫిబ్రవరి 9న నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియాపై అతని అరంగేట్రం. ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ ఆడాడు. జూన్‌లో ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో ఇంగ్లాండ్‌పై 41, 28. ఆ తర్వాత సొంతూరు విశాఖలో 17, 6. అంతే. ఫిబ్రవరి 15న రాజ్‌కోట్‌లో గ్లౌజులు ధ్రువ్ జురెల్ చేతికి వెళ్లాయి.

మొత్తం 7 టెస్టులు, 12 ఇన్నింగ్స్, 221 పరుగులు, సగటు 20. అత్యధిక స్కోరు 44. అంకెలు చూస్తే తీర్పు తేలికే. కానీ అంకెలు చెప్పనివీ ఉన్నాయి. స్వదేశంలో ఆడిన ఆరు టెస్టుల్లో చాలావరకు బంతి మొదటి రోజు నుంచే తిరిగిన పిచ్‌లు. స్పిన్ పిచ్‌పై కీపర్ అసలు పని స్టంపుల వెనక. ఆ పనిలో అతనికి మంచి పేరే ఉంది. తీసేసింది మాత్రం బ్యాటింగ్ చాలలేదని. అంటే తీసుకున్నప్పుడు కొలిచింది ఒక తూకం రాయితో, తీసేసినప్పుడు కొలిచింది మరో రాయితో!

ఇంకో వైపూ చూడాలి. భరత్‌ను తప్పించడం అన్యాయమని తెలుగునాట అనుకున్నవాళ్లందరికీ వారం తిరగ్గానే రాంచీలో జవాబు దొరికింది. ఇంగ్లాండ్ 353 పరుగులకు బదులుగా భారత్ 177కే 7 వికెట్లు పోగొట్టుకున్న వేళ జురెల్ 90 పరుగులు చేశాడు. 192 పరుగుల లక్ష్యాన్ని ఛేదించేటప్పుడు 120కి 5 వికెట్లు పడితే, గిల్‌తో కలిసి 39 నాటౌట్‌తో గెలిపించాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. సిరీస్ భారత్ సొంతం. మార్పు జట్టుకు మేలే చేసింది. ఒకరికి అన్యాయంగా తోచిన నిర్ణయమే జట్టుకు సరైనది కావచ్చు. ఈ చర్చలోని అసలు చిక్కు ఇదే.

జురెల్‌కైనా ఆ చోటు రాసిచ్చారా? లేదు. 2024 సెప్టెంబరులో పంత్ చెన్నైలో బంగ్లాదేశ్‌పై తిరిగొచ్చాడు. 109 కొట్టాడు. జురెల్ మళ్లీ బెంచి మీదికి. 2025 జులైలో ఇంగ్లాండ్‌లో పంత్ వేలికి, తర్వాత పాదానికి దెబ్బ తగిలితే మళ్లీ జురెలే ఆదుకున్నాడు.

మొదటివాడికీ ముళ్లే

పంత్‌ను చూసి ‘అతనికి చోటు ఖాయం’ అనుకుంటే పొరపాటు. 2018లో సాహా గాయంతో దొరికిన చోటులోకి, మధ్యలో మరో ఇద్దరు ఆడాక, నాటింగ్‌హామ్‌లో అడుగుపెట్టాడు పంత్. ఓవల్‌లో 114, సిడ్నీలో 159 నాటౌట్ కొట్టాడు. అయినా 2019 అక్టోబరులో విశాఖలో దక్షిణాఫ్రికాతో టెస్టుకు అతన్ని పక్కనపెట్టి, కోలుకున్న సాహాను దించారు. మన పిచ్‌ల మీద కీపింగే ముఖ్యమన్నారు. 2020 డిసెంబరులో అడిలైడ్‌లోనూ సాహాయే. భారత్ 36 పరుగులకు కుప్పకూలిన టెస్టు అది. మెల్‌బోర్న్‌లో పంత్ వచ్చాడు. 2021 జనవరి 19న బ్రిస్బేన్‌లో 89 నాటౌట్‌తో సిరీస్ గెలిపించాడు. అక్కడితో ఆ చర్చ ముగిసింది. ఒక ఇన్నింగ్స్ ఒకరికి చోటు స్థిరపరిస్తే, మరొకరికి అదే చోటును దాదాపు మూసేసింది.

సాహా తిరిగొచ్చిన 2019లో చీఫ్ సెలెక్టర్ ఎవరో గుర్తుందా? గుంటూరుకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్. ఆయన కూడా ఒకప్పటి ‘రెండోవాడే’. నయన్ మోంగియా ఏళ్లతరబడి పాతుకుపోయిన చోటులోకి 1999 అక్టోబరులో మొహాలీలో వచ్చాడు. వెంటనే ఆస్ట్రేలియా పర్యటన. మెక్‌గ్రాత్, బ్రెట్ లీల ముందు బ్యాట్ నిలవలేదు. 6 టెస్టులు, 106 పరుగులతో ముగిసింది. ఒకే కుర్చీ కోసం ఎదురుచూడటం, దొరికాక జారిపోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషే తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చాల్సి వచ్చింది!

ఐదో మ్యాచ్ ఉండి ఉండకపోతే...

రెండోవాడికి ఎన్ని అవకాశాలివ్వాలి? దీనికి విశాఖ మైదానమే ఓ పాఠం చెబుతుంది. 2004 డిసెంబరులో ఓ జులపాల కుర్రాడు వన్డేల్లోకి వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో సున్నా, రనౌట్. తర్వాత 12, 7 నాటౌట్, 3. నాలుగు ఇన్నింగ్స్‌లో 22 పరుగులు. టీకొట్టు సెలెక్టర్లయితే అక్కడికే ఇంటికి పంపేసేవారు. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్థాన్‌పై అతన్ని మూడో స్థానంలో పంపారు. 123 బంతుల్లో 148! ఆ కుర్రాడి పేరు మహేంద్రసింగ్ ధోని. ఐదో అవకాశం ఇవ్వకపోయి ఉంటే భారత క్రికెట్ చరిత్రలో కొన్ని పుటలు వేరేగా ఉండేవి.

అదే సమయంలో ధోనికంటే ముందు టెస్టు జట్టులోకి వచ్చిన దినేశ్ కార్తీక్ ఉన్నాడు. 2004 నవంబరులో అతని అరంగేట్రం. ఏడాది తిరిగేసరికి టెస్టుల్లోనూ గ్లౌజులు ధోనికి వెళ్లిపోయాయి. కార్తీక్ ఏం చేశాడు? ఓపెనర్‌గా ఆడాడు, మధ్యలో ఆడాడు, చివర్లో వచ్చి బాదడం నేర్చుకున్నాడు. 2018 మార్చిలో కొలంబోలో బంగ్లాదేశ్‌పై ఫైనల్‌లో 8 బంతుల్లో 29 నాటౌట్, ఆఖరి బంతికి సిక్స్. పద్నాలుగేళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చిన సిక్స్ అది. చోటు దొరకనప్పుడు కొత్త చోటు తవ్వుకోవడం కూడా ఒక విద్యే.

అమెరికాలోనూ ఇదే గోల

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. జట్టు దాడికి దిగినప్పుడు దాదాపు ప్రతి ఎత్తులో బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎప్పుడు పరుగెత్తాలో క్షణాల్లో తేల్చేది అతనే. మన కీపర్ లాగే ఒక్కటే చోటు. కాబట్టి అక్కడ వారం వారం ఇదే చర్చ... అసలువాడా, అదనపువాడా?

దానికి పెద్ద ఉదాహరణ 2001 నాటిది. న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ జట్టుకు డ్రూ బ్లెడ్సో క్వార్టర్‌బ్యాక్. ఆ ఏడాదే పదేళ్లకు 10 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం కుదుర్చుకున్నాడు. సెప్టెంబరు 23న ప్రత్యర్థి ఢీకొనడంతో ఛాతీ లోపల రక్తస్రావమైంది. బదులుగా దిగినవాడు టామ్ బ్రాడీ. అంతకుముందు ఏడాది ఆటగాళ్ల ఎంపికలో 199వ వాడిగా దొరికినవాడు! నవంబరుకు బ్లెడ్సో కోలుకున్నాడు. కోచ్ బిల్ బెలిచిక్ మాత్రం బ్రాడీనే కొనసాగించాడు. ఊరంతా రెండుగా చీలింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో బ్రాడీ గాయపడితే, బెంచి మీదున్న బ్లెడ్సో దిగి జట్టును గెలిపించాడు. ఫైనల్‌కు మళ్లీ బ్రాడీయే. 2002 ఫిబ్రవరి 3న పేట్రియట్స్ 20-17తో తొలిసారి సూపర్ బౌల్ గెలిచింది. బ్లెడ్సో వేరే జట్టుకు వెళ్లిపోయాడు. బ్రాడీ మొత్తం ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అలిగి కూర్చోకుండా బరిలోకి దిగిన బ్లెడ్సో లేకుంటే మొదటిది ఉండేదా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు సీమ సంగతి

ఈ కథలన్నీ కర్నూలు, కడపలకు ఎందుకు పనికొస్తాయి? ఎందుకంటే ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలు దాదాపు అందరూ ముందు ‘రెండోవాళ్లు’గానే వెళతారు. పెద్ద ఊళ్ల పిల్లలకు దొరికినన్ని మ్యాచ్‌లు, నెట్స్, చూసే కళ్లు ఇక్కడివాళ్లకు దొరకవు. జట్టులో చోటు దొరికితే అది ఎవరో గాయపడ్డ రోజునో, ఎవరో విశ్రాంతి తీసుకున్న రోజునో. ఆ ఒక్కరోజే వాళ్ల జీవితానికి పరీక్ష.

కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఎడమచేతి వాటం పేసర్. 2022 డిసెంబరు 9న నవీ ముంబయిలో ఆస్ట్రేలియాపై టీ20ల్లోకి వచ్చింది. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన టీ20 ప్రపంచకప్ జట్టులోనూ ఉంది. యూపీ వారియర్స్ 55 లక్షల రూపాయలకు తీసుకుంది. కానీ కొద్ది మ్యాచ్‌లకే భారత జట్టులో చోటు చేజారింది.

కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిది ఎడమచేతి స్పిన్. 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెనూ 55 లక్షలకే కొంది. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో వన్డే అరంగేట్రం. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు. ఆ ఏడాది చివర్లో ప్రపంచకప్‌లో 14 వికెట్లు. భారత్ తరఫున దీప్తిశర్మ తర్వాత ఎక్కువ వికెట్లు ఆమెవే. ఒకే నేల, ఒకే ధర. దారులు మాత్రం వేరయ్యాయి. ప్రతిభ తేడా ఒక్కటే అనుకుంటే సగమే తెలిసినట్టు. వరసగా ఎన్ని మ్యాచ్‌లు దొరికాయన్నది మిగతా సగం.

శ్రీచరణి ఆడుతున్నప్పుడు బెంచి మీద ఎవరున్నారో చూడండి. రాధా యాదవ్. ఆమె కూడా ఎడమచేతి స్పిన్నరే. శ్రీచరణి కంటే ఏళ్ల సీనియర్. లీగ్ దశలో ఆఖరి మ్యాచ్‌లో, అక్టోబరు 26న బంగ్లాదేశ్‌పై అవకాశమిస్తే 3 వికెట్లు తీసింది. ‘ఇప్పుడు ఎవరు?’ అన్న ప్రశ్నకు జట్టు ఇచ్చిన జవాబు... ఇద్దరూ! సెమీఫైనల్, ఫైనల్ ఇద్దరూ కలిసే ఆడారు. 

అదే మ్యాచ్‌లో ఇంకో మలుపు. టోర్నీలో 308 పరుగులు చేసిన ఓపెనర్ ప్రతీకా రావల్ చీలమండకు గాయమైంది. మొదట ప్రకటించిన పదిహేను మందిలోనే లేని షెఫాలీ వర్మను పిలిపించారు. సెమీస్‌లో 10 పరుగులకే ఔటైంది. అయినా ఫైనల్‌కు ఉంచారు. నవంబరు 2న దక్షిణాఫ్రికాపై 87 పరుగులు, 2 వికెట్లు. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. ప్రతీక చక్రాల కుర్చీలో వచ్చి సంబరాల్లో పాలుపంచుకుంది. వేదిక మీద పతకాలు ఆ రోజు జాబితాలో ఉన్నవాళ్లకే ఇచ్చారు. ఆమెకు తర్వాత అందింది. ఆ కప్పులో ఆమె పరుగులు 308 ఉన్నాయన్నది ఎవరూ కాదనలేరు.

తేల్చాల్సింది ఎవరన్నది కాదు

ఇన్ని కథలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. ‘ఇద్దరిలో ఎవరు గొప్ప?’ అని అడిగినంత కాలం ఈ చర్చ తెగదు. అడగాల్సినవి వేరు.

ఏ పని కోసం ఎంచుకున్నారో ఆ పనిలోనే కొలిచారా? స్పిన్ పిచ్ మీద వికెట్ల వెనక పనికి పిలిచినవాణ్ని పరుగుల లెక్కతో పంపేస్తే అది తూకం కాదు.

మొదటివాడికి ఇచ్చిన గడువులో సగమైనా రెండోవాడికి ఇచ్చారా? ధోనికి ఐదో ఇన్నింగ్స్ దొరికింది. షెఫాలీకి సెమీస్ వైఫల్యం తర్వాత ఫైనల్ దొరికింది. 

గాయపడి వెళ్లినవాడికి చోటు అట్టే ఉంచాలా? పంత్‌కు ఉంచారు, బ్లెడ్సోకు ఉంచలేదు. రెండు నిర్ణయాలూ ఫలించాయి. కాబట్టి దీనికి సూత్రం లేదు. కానీ ఏ సంగతైనా ఆ ఆటగాడికి ముందు చెప్పాలి. పేపర్లో చూసి తెలుసుకునే పరిస్థితి రాకూడదు.

చివరగా, ఇద్దరికీ చోటు దొరికే దారి వెతికారా? రాధ, శ్రీచరణిల విషయంలో దొరికింది. 2025 నవంబరులో కోల్‌కతాలో దక్షిణాఫ్రికాపై పంత్ కీపర్‌గా, జురెల్ బ్యాట్స్‌మన్‌గా ఒకే జట్టులో ఆడారు. ఒకే కుర్చీ అనుకున్నచోట పక్కన ఇంకో పీట వేయొచ్చని తేలింది.

జిల్లా స్థాయిలో శిక్షకులకూ, అమ్మానాన్నలకూ ఇవి మరీ ముఖ్యం. అండర్-14 జట్టులో రెండో కీపర్‌గా ఉన్న పిల్లాడికి సీజన్ మొత్తంలో రెండు మ్యాచ్‌లైనా పూర్తిగా ఆడనిస్తే, వాడు ఏమిటో వాడికీ తెలుస్తుంది, చూసేవాళ్లకూ తెలుస్తుంది. ఆడించకుండా ‘వీడికింతే’ అని రాసేస్తే, వాడు ఎంత ఆడగలిగేవాడో ఎప్పటికీ తెలియదు.

ప్రపంచకప్ గెలిచాక శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్ల రూపాయలు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఊరు ఊరంతా పూలు చల్లింది. బాగుంది. కానీ పూలు గెలిచాక చల్లేవి. బెంచి మీదున్నప్పుడు కావాల్సింది వరసగా నాలుగు మ్యాచ్‌లు!